గడువులోగా ఖాళీ చేయవలెను

రోహిణి కార్తె, మొదట్లో

పొద్దుట్నుంచీ చెట్లకు నోటీసు చదివీ చదివీ గొంతు బొంగురుపోయింది. ఆఫీసు వాళ్ళు దినచర్య రాయమంటారు గానీ, ఎండలో చదివే మనిషికి గుక్కెడు మజ్జిగ పంపాలని ఎవరికీ తోచదు. సరే, రాస్తున్నాను.

కొత్తగట్టు కొండవాలులో ఇళ్ళు కట్టాలంటే అడ్డొచ్చే చెట్లు కొట్టాలి. చెట్టు కొట్టాలంటే ముందు నేను దాని మొదట్లో నిలబడి మూడు సంగతులు పైకి చదవాలి. ఎందుకు కొడుతున్నాం, ఎప్పటిలోగా ఖాళీ చేయాలి, ఎక్కడికి పోవాలి. గుప్పిట్లో పట్టే మొక్కలకు అక్కర్లేదు, అంతకన్నా లావున్న ప్రతి మానుకూ చదవాల్సిందే. నిజానికి చదివేది చెట్టుకు కాదు. "ఈ వృక్షమును ఆశ్రయించుకొనియున్న సమస్తమునకు" అని మొదలవుతుంది నోటీసు. అడవులన్నీ మాడిపోయాక, మా తాతల కాలంలో, మట్టిలో బూజులాంటి దారం చల్లారు. బతికున్న దారం. అది వేళ్ళ నుంచి వేళ్ళకు కబుర్లు మోస్తుంది. మనిషి మాట కూడా మోస్తుందని తర్వాత తెలిసింది. నోటీసు చదివితే గడువు రోజుకల్లా పిట్టలూ తేనెటీగలూ వాటంతటవే సర్దుకుని వెళ్ళిపోతాయి. అలా చదివితే తప్ప రంపం బండి తాళం తెరుచుకోదు. బండి మీద దీపం పచ్చగా వెలిగితే చెట్టు ఒప్పుకున్నట్టు, ఎర్రగా ఉంటే లేనట్టు.

ఈ రోజు దీపం ఎర్రగానే ఉండిపోయింది. ఎక్కడికి పోవాలో చెప్పే దగ్గర చిక్కు వచ్చింది. కొట్టిన చెట్లకు బదులుగా వాగవతల వేసిన తోట ఈ ఎండలకు మొత్తం చచ్చిపోయింది. "వాగవతలి తోటకు పోవలెను" అని చదివితే దారం నమ్మలేదు. "ఎక్కడైనా సర్దుకోవలెను" అని చదివాను. అదీ ఒప్పుకోలేదు.

ఇంజనీరు దమయంతి గారు గొడుగు కిందినుంచే కేకేశారు. "నిజంగా ఉన్న చోటు చెప్పాలి అసిరమ్మా. నీడా నీళ్ళూ ఉన్న చోటు. ఏదో ఒకటి చెప్పెయ్. అక్కడ జనం ఇళ్ళ కోసం ఎన్నాళ్ళని చూస్తారు?"

గురువులు అని రంపం బండి నడిపేవాడు, వాడూ విసుక్కున్నాడు. "ఏదోటి సెప్పీ అసిరీ. ఎండ నెత్తికెక్కీసింది."

నా నోటికి కంఠతా వచ్చిన అడ్రసు ఒక్కటే. "మజిలీ మేడ, మూడో అంతస్తు, కొత్తగట్టు" అనేశాను. మా అప్ప పోలేశ్వరి, నా సొంత అక్క, ఉండే చోటు. సముద్రం కిందూరును మింగేశాక పైకి వచ్చిన జనాన్ని ఆ మేడలోనే కుక్కారు, ఇళ్ళు కట్టేదాకా అని చెప్పి. దీపం ఠక్కున పచ్చగా వెలిగింది. గురువులు పగలబడి నవ్వాడు. దమయంతి గారు కూడా నవ్వారు. మిగతా మానులన్నిటికీ అదే అడ్రసు చదివేశాను, నేనూ నవ్వుకుంటూనే.

రోహిణి కార్తె, చివర

గడువు రోజు. ఎప్పుడూ పిట్టలు తలా ఒక దారిన తిరిగి తిరిగి చెప్పిన చోటికి చేరతాయి. ఈసారి అన్నీ ఒకే దిక్కుకు, వరసగా, తొందర లేకుండా ఎగిరాయి. వాటి వెనక తేనెటీగలు. కింద నేల మీద చీమలు. మేం బండి ఆపుకుని చూస్తూ నిలబడ్డాం.

మజిలీ మేడకు వెళ్ళేసరికి ప్రతి వసారాకూ ఒక తేనెపట్టు వేలాడుతోంది. మీటరు పెట్టెలో పిట్టలు గూడు కట్టేశాయి. జనం తిడుతున్నారు, నవ్వుతున్నారు. అప్ప గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఒలే అసిరీ, మాయింటికి సుట్టాలొచ్చీసినారే!"

"ఎవరే?"

"ఉడతలు. బియ్యం డబ్బాకి మూతెట్టనీకుండున్నాయి. నా కొంగట్టుకుని లాగుతన్నాయే."

అప్ప మొగుడు, మా బావ సత్తిబాబు, కిందూరులోనే ఉండిపోయాడు. పడవ ఎక్కమంటే మేకను తెస్తానని వెనక్కి వెళ్ళాడు, మరి రాలేదు. అప్పట్నుంచీ అప్ప నోటివెంట మాట రావడమే గగనం. నేను రోజూ పొద్దున్నే వెళ్ళి, ఎదురుగా కూర్చుని బతిమాలితే నాలుగు ముద్దలు తినేది. అలాంటి మనిషి ఇవాళ ఉడతల్ని తిడుతూ నవ్వుతోంది. నాకు ఎంత సంతోషమేసిందో రాయడం చేతకావడం లేదు. తప్పుడు అడ్రసు చదివితే చదివాను, మంచే జరిగింది అనుకున్నాను.

గురువులు మాత్రం సాయంత్రం ముభావంగా కనిపించాడు. పెద్ద మద్దిమాను కొట్టాడట. అడిగితే తలగోక్కుంటూ చెప్పాడు.

"రంపం ఎట్టగానే దిగిపోనాది. బోలుమాను కాదు, లోపల గట్టి సేవ బాగానే ఉంది. ఐనా ఏటో... ఖాళీ కొంపలో అడుగెట్టినట్టయిపోనాది నాకు. ఇన్ని మానులు కొట్టినాను, ఇలగెప్పుడూ నేదు."

మృగశిర కార్తె, మొదట్లో

మజిలీ మేడలో చల్లగా ఉంది. బయట రాళ్ళు పగిలే ఎండ, లోపల మాత్రం తడిగుడ్డ కప్పినట్టు చల్లదనం. మొదట అందరం సంబరపడ్డాం. కిందూరోళ్ళ అదృష్టం తిరిగిందన్నారు.

ఇప్పుడు అక్కడ ఎవరూ ఏమీ అనడం లేదు. గొడవల్లేవు. కుళాయి దగ్గర కొట్లాట లేదు. తలుపులన్నీ బార్లా తెరిచే ఉంటున్నాయి. వసారాలో ఆకులు రాలి ఉన్నాయి. చీపురు తీసి ఊడుస్తూ చూస్తే మద్ది ఆకులు. ఈ కొండ మీద మద్దిమాను ఒక్కటీ మిగలలేదు, మొన్ననే అన్నీ కొట్టేశాం. పైన సిమెంటు కప్పు తప్ప ఏమీ లేదు. మర్నాడు వెళితే మళ్ళీ అన్ని ఆకులూ ఉన్నాయి.

అప్ప గచ్చు మీద నీళ్ళు పోసుకుని, అందులో వట్టి కాళ్ళతో, తూర్పు కిటికీకి ఎదురుగా నిలబడి ఉంది. నేను తెచ్చిన అన్నం మూత కూడా తియ్యలేదు.

"కూకోయే అప్పా."

"కూకుంటే బాగుండట్లేదే."

"నిన్నటిది కూడా తిన్లేదు కదే నువ్వు!"

"ఆకలి నేదు. ఎండకి కాసేపు నిలబడితే సాల్తంది."

వెనక గదిలో ఏదో కదిలింది. ఉడత చప్పుడు కాదు. ఎవరో బరువైన మనిషి చాప మీద ఒత్తిగిల్లినట్టుంది. ఎవరున్నారే అని అడిగాను. అప్ప కళ్ళు కిటికీ మీంచి తిప్పకుండానే, "మనోళ్ళే" అంది.

వెళ్ళి చూశాను. ఎవరూ లేరు. కానీ గది ఖాళీగా లేదు. ఇంతకన్నా సరిగ్గా ఎలా రాయాలో నాకు తెలియదు. పిట్టలూ ఉడతలూ తేనెటీగలూ పోతే చెట్టు ఖాళీ అయిపోతుందనుకుని ఇన్నేళ్ళు ఉద్యోగం చేశాను. సమస్తమునకు అని రోజూ నా నోటితోనే చదువుతూ, ఆ మాటలో ఇంకా ఎవరెవరున్నారో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇదివరకు వాళ్ళంతా ఏదో ఒక చెట్టులోకే పోయేవాళ్ళు కాబట్టి తెలియలేదు. ఈసారి మా అప్ప ఇంటికి పంపాను.

మృగశిర కార్తె, చివర

దమయంతి గారు పిలిపించి తెర మీద పటం చూపించారు. కొండవాలులో చెట్లున్న చోటల్లా ఆకుపచ్చ చుక్కలుంటాయి. మజిలీ మేడ ఉన్న చోట అరచెయ్యంత పచ్చటి మరక.

"దారం స్తంభాలెక్కేసింది. దాని లెక్కలో ఆ మేడ ఇప్పుడొక చెట్టు" అన్నారావిడ. గొంతులో ఎప్పుడూ ఉండే జోరు లేదు. "పునాది పగిలిపోతోంది అసిరమ్మా. ఆసరా స్తంభాలు పెడదామని బండి పంపితే తాళం పడిపోయింది. మేకు దిగడం లేదు. ఆరుద్ర వాన పడిందంటే మేడ మొత్తం వాగులోకి జారిపోతుంది."

"మరి జనాన్ని బయటికి రమ్మనండి. చెట్లు అడ్డం లేని మొదటి రెండు వరసల ఇళ్ళు ఈ మధ్యే అయిపోయాయి కదా."

"మైకులో పిలిచాం. ఒక్కరూ రాలేదు."

నేను పరిగెత్తాను. మూడో అంతస్తు వసారాలో అందరూ తూర్పుకేసి నిలబడి ఉన్నారు. వాళ్ళ భుజాల మీద పిట్టలు వాలి ఉన్నాయి, ఎవరూ తోలడం లేదు. నేను అప్ప చెయ్యి పట్టుకుని గుంజాను. తిట్టాను, ఏడ్చాను, ఎలాగోలా మెట్లు దింపి బయటికి లాక్కొచ్చాను. వాకిట్లోకి రాగానే అప్ప ఒళ్ళు కాలిపోవడం మొదలైంది. చూస్తుండగానే పెదాలు ఎండి పగిలాయి. కళ్ళు మూతలు పడ్డాయి, మెడ వాలిపోయింది. గురువులు వచ్చి సాయం పట్టకపోతే నా చేతుల్లోనే పోయేది. ఇద్దరం మోసుకెళ్ళి మళ్ళీ ఆ తడి గచ్చు మీద నిలబెట్టాం. కాసేపటికి ఊపిరి తేరుకుంది.

"ఇక్కడుంటే నువ్వు సచ్చిపోతావే అప్పా. మేడ పడిపోద్ది. ఎల్లిపోదాం రాయే" అని కాళ్ళమీద పడ్డాను. నాకు కోపమొచ్చినా ఏడుపొచ్చినా ఇంటి భాషే వచ్చేస్తుంది.

"ఎలగెల్తామే? గడువు సెప్పనేదు గదా. ఎక్కడికెల్లాలో సెప్పనేదు గదా."

అప్ప ఒక్కతే అనలేదు ఆ మాట. వసారా పొడవునా నిలబడ్డవాళ్ళందరూ, ముసలీ ముతకాతో సహా, ఒకే గొంతుతో అన్నారు. గురువులు నా రెక్క పట్టుకుని కిందికి లాక్కొచ్చేశాడు.

అదే రోజు, మధ్యాహ్నం

దమయంతి గారి ఆలోచన సులువైనది. మేడకు నోటీసు చదువు, కొత్త ఇళ్ళ అడ్రసు చెప్పు, అందరూ నడిచొచ్చేస్తారు అన్నారు.

"అందరూ అంటే అందరూ వస్తారు మేడం. వెనక గదుల్లో ఉన్నవాళ్ళు కూడా. మా అప్ప కొత్తింట్లోకెళ్ళి మళ్ళీ అలాగే నిలబడుతుంది. ఒక మేడ బదులు ఇన్ని ఇళ్ళు చెట్లవుతాయి."

"అయితే ఏం చేద్దామంటావు?"

బయటికొచ్చి బండి నీడలో కూలబడ్డాను. గురువులు పక్కనే కూర్చుని బీడీ వెలిగించుకోకుండా నలుపుతున్నాడు. అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. నోటీసులో ఎవరి పేరూ ఉండదు. సమస్తమునకు అనేస్తాం, అంతే. మజిలీ మేడ జనం ఆ సమస్తంలో కలిసిపోయారు. వాళ్ళను అందులోంచి విడదీయాలంటే పేరు పెట్టి, వరస పెట్టి పిలవాలి. చిన్నాన్నా అంటే పలికేది చిన్నాన్నే గానీ మద్దిమాను కాదు. కిందూరోళ్ళలో నాకు ఏదో ఒక వరస కానివాళ్ళు లేరు. పిలవగలను. గురువులుకు అదే చెప్పాను.

"మరి మిగిలినోటిని ఎక్కడికంపుతావు?" అన్నాడు గురువులు. "నీడుండాలి, నీల్లుండాలి. నిజంగా ఉన్న సోటై ఉండాలి."

"నాకు గొడుగుంది. సీసాలో నీల్లున్నాయి. నాను నిజంగానే ఉన్నాను గదా" అన్నాను.

వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. బీడీ కింద పారేసి, "వొద్దే అసిరీ" అన్నాడు. నాకు భయంగా ఉంది. ఉన్నమాట రాస్తున్నాను, చాలా భయంగా ఉంది. కానీ వాటికి ఆ అడ్రసు చెప్పింది నేను. ఇంకొకరి ఇల్లు చూపించే హక్కు నాకు లేదు.

ఆరుద్ర కార్తె

పొద్దున్నే మబ్బు పట్టింది. మేడ కింది అంతస్తు నుంచి మొదలుపెట్టాను. ఒక్కో గుమ్మం ముందు ఆగి పిలిచాను.

"ఓ బోడయ్య చిన్నాన్నా! ఇల్లు పడిపోతంది, ఇప్పుడే ఎల్లిపోవాల. మొదటి వరసలో నీకు ఇల్లుంది, నడిసెల్లు."

బోడయ్య చిన్నాన్న మెల్లగా తల తిప్పాడు. భుజం మీది గోరింక ఎగిరిపోయింది. కళ్ళు నులుముకుంటూ, "ఏటే, ఇంత పొద్దున్నే గోల?" అన్నాడు. ఆ కసురు విని నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఎర్రమ్మ పిన్ని, ఆమె కోడలు, ఆ కోడలి చంకలో పిల్ల. చంటిదానికి ఇంకా పేరు పెట్టలేదంటే అక్కడికక్కడే వానమ్మ అని పెట్టి పిలిచాను. ఒక్కొక్కరే దిగిపోతున్నారు, చాపలు చుట్టుకుని, గిన్నెలు నెత్తిన పెట్టుకుని, ఆకలేస్తోందని గొణుక్కుంటూ.

అప్పను ఆఖర్న పిలిచాను. "ఒలే పోలప్పా. రెండో వరస, సివరిల్లు. నీదే. నడిసెల్లి తలుపు తీసుకో." అప్ప నా ముఖంలోకి చూసింది, చాలా రోజుల తర్వాత. "నువ్వు రావేటే?" అంది. పని ఉంది, వస్తానన్నాను.

అందరూ దిగాక వాకిట్లో నిలబడి నోటీసు చదివాను. ఈ వృక్షమును ఆశ్రయించుకొనియున్న సమస్తమునకు. ఎందుకంటే ఇది కూలిపోతుంది గనుక. వాన పడేలోగా. "అసిరమ్మ, నోటీసులు చదివే మనిషి, కొత్తగట్టు వాలు మీద నిలబడి ఉండును." గురువులు బండి మీద దీపం పచ్చగా వెలిగింది. నేను వెనక్కి చూడకుండా వాలు ఎక్కి, చెట్లు కొట్టేసిన చోట, గొడుగు వేసుకుని నిలబడ్డాను.

మొదట చీమలు వచ్చాయి. తర్వాత ఉడతలు. తేనెటీగలు గొడుగు పట్టుకున్నాయి. తర్వాత మిగతావాళ్ళు వచ్చారు. నొప్పి లేదు. పెళ్ళివారి ఇంట్లో పడుకోవడానికి అందరూ కొంచెం కొంచెం జరుగుతారే, అలా నా లోపల జరగాల్సి వచ్చింది. చివరికి నాకు మిగిలింది చిన్న మూల.

వాన పడింది. మజిలీ మేడ వాగులోకి జారిపోయింది. అందులో ఎవరూ లేరు.

ఆరుద్ర, ఇంకా

రోజులు తెలియడం లేదు. ఎండ వస్తే బాగుంటుంది. చెయ్యి కదిలినప్పుడు రాస్తున్నాను. గురువులు వచ్చి ఏదో మాట్లాడి వెళ్తాడు. వాడి పెదాలు కదలడం తెలుస్తుంది, మాట దూరంగా వినిపిస్తుంది. అప్ప అన్నం తెచ్చింది. మర్నాడూ తెచ్చింది. తినకపోతే ఎదురుగా కూర్చుని బతిమాలింది. నేను ఆమెకు చేసినట్టే చేస్తోంది. అయ్యో అనిపించింది గానీ నోరు తెరవడం గుర్తురాలేదు.

తర్వాత ఒక పొద్దున అప్ప గిన్నె లేకుండా వచ్చింది. కొంగు నడుముకు చుట్టి, నా ఎదురుగా నిలబడి గొంతు సవరించుకుంది.

"ఇదిగో, ఈ మానులో ఉన్నోల్లందరూ ఇనండి. ఎందుకంటే, ఇది మాను కాదు, నా సెల్లి. ఎప్పటికంటే, ఇప్పుడే. ఎక్కడికంటే, రెండో వరస సివరిల్లు. నా ఇల్లు. మీరున్నన్నాల్లూ నాకు పొద్దెల్లిపోనాది. మీతో నాకు గొడవ నేదు, రండి."

వద్దే అని అరిచాను. ఆ అరుపు నాకొక్కదానికే వినపడింది. నాలో అందరూ లేచి సర్దుకోవడం తెలుస్తోంది.

"ఒలే అసిరీ" అంది అప్ప. "నువ్వు మాత్రం నీ కాల్లమీద నడిసి రా."

పునర్వసు కార్తె

మూడు పూటలా తింటున్నాను. ఎంత తిన్నా ఆకలే. ఉద్యోగంలో మళ్ళీ చేరాను.

ఈ రోజు దమయంతి గారు రోడ్డు పటం పట్టుకొచ్చారు. రోడ్డు తిన్నగా రెండో వరస చివరి ఇంటి మీదుగా పోవాలి. ఆ ఇంటి మీద పచ్చటి చుక్క ఉంది.

"చిన్నదే కదా, ఒక నోటీసు చదివెయ్" అన్నారావిడ. "మీ అక్కకు వేరే ఇల్లు చూపిద్దాం."

"చదువుతాను మేడం. ఎక్కడికి పొమ్మని చదవను?"

"ఏదో ఒకటి చెప్పెయ్."

"మీ క్వార్టరు నంబరు చెప్పండి. అదే చదువుతాను."

దమయంతి గారు నన్ను చూశారు. తర్వాత నా వెనక, వరస చివర, వసారా నిండా తేనెపట్లున్న ఇంటిని చూశారు. పటం మడిచేసుకుని వెళ్ళిపోయారు. సాయంత్రానికి గురువులు కొత్త గుర్తులు పాతాడు. రోడ్డు ఇప్పుడు రెండో వరస దగ్గర వంకర తిరిగి పోతుంది. నేనున్నంతకాలం అలాగే పోతుంది.

ఇంటికి పోతూ కుళాయి దగ్గర రెండు బిందెలు పట్టి అప్ప గుమ్మంలో పెట్టాను. అప్ప కిటికీ దగ్గర ఎండకేసి నిలబడి ఉంది. రోడ్డు సంగతీ, దమయంతి గారి ముఖం సంగతీ చెప్పాను. అప్ప నవ్వింది. వెనక గదిలో వాళ్ళు కూడా నవ్వారు.